వంశనిందను తుడిచిన లెక్క: హాల్డేన్ జీవితగాథ

కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు 1964వ సంవత్సరాంతమున ఒక అపూర్వమైన దానము లభించెను. ఆ యేడు డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరములో కన్నుమూసిన ఒక శాస్త్రజ్ఞుడు తన దేహము ఆ కళాశాలలో వైద్యవిద్యకు ఉపయోగపడవలెనని ముందుగనే వ్రాసియుంచెను. ఆయన ఇంగ్లండులో ఉన్నత కుటుంబమున జన్మించినవాడు. రాయల్ సొసైటీ సభ్యుడు. పుట్టిన దేశమును విడిచి వచ్చి భారత పౌరసత్వము పుచ్చుకొన్నవాడు. ఆయనయే జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. లోకము ఆయనను జె. బి. ఎస్. అను మూడక్షరములతోనే ఎరుగును.

తెలుగునాటితో ఆయనకు గల సంబంధము ఆ దేహదానముతో మొదలైనది కాదు. తెలుగు యువకులు ఆయనకు శిష్యులైరి. మన మేనరికపు వివాహములు ఆయన ఆలోచనకు విషయమయ్యెను. అంతకంటె ముఖ్యమైన సంబంధము మరియొకటి కలదు. ఒక యింట బిడ్డకు ముఖమునిండ కంతులు లేచినను, మూర్ఛలు వచ్చినను, చిన్నతనముననే చర్మముపై రాచపుండు పుట్టినను ఇరుగుపొరుగువారు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ఈ దోషము ఏ వంశమునుండి వచ్చినది? ఆ ప్రశ్న తరచుగా తల్లిమీదికే పోవును. కోడలిని పుట్టింటికి పంపిన సంసారములును, చెల్లెలి పెండ్లి ఆగిపోయిన కుటుంబములును మనకు తెలియనివి కావు. ఈ ప్రశ్నకు కోపతాపములతో గాక లెక్కతో సమాధానము వెదకిన మొదటివారిలో హాల్డేన్ ముఖ్యుడు.

బాల్యము

హాల్డేన్ 1892వ సంవత్సరము నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డు నగరమున జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను గూర్చియు, బొగ్గుగనులలోని విషవాయువులను గూర్చియు పరిశోధించిన ప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త. గనులలోనికి కెనేరీ పిట్టలను తీసికొనిపోయి, అవి సొమ్మసిల్లుటనుబట్టి విషవాయువును పసిగట్టు పద్ధతిని ప్రచారము చేసినది ఆయనయే. కుమారుని ఆటపాటలు సయితము తండ్రి ప్రయోగములతో కలిసిపోయెను. ఒకమారు తండ్రి ఆ బాలుని గనిలోనికి తీసికొనిపోయి, మండెడు వాయువు నిండిన చోట నిలువబడి షేక్స్పియరు నాటకములోని ప్రసంగమొకటి అప్పగింపుమనెను. కొంత చదువుసరికి బాలుడు ఊపిరాడక కూలిపోయెను. నేలకు దగ్గరగా ఉన్న గాలి మంచిది గనుక వెంటనే తేరుకొనెను. ఆ వాయువు గాలికంటె తేలికయై పైకి చేరునను పాఠమును ఆ బాలుడు జన్మమంతయు మరచిపోలేదు. అనుభవించి తెలిసికొనుటయే విద్య అను నమ్మకము ఆయనలో అప్పుడే నాటుకొనెను.

ఎనిమిది తొమ్మిదేండ్ల ప్రాయముననే తండ్రితో కూడ ఒక సభకు పోయి మెండెల్ సిద్ధాంతమును గూర్చిన ఉపన్యాసము వినెను. ఆస్ట్రియా దేశపు సన్న్యాసి మెండెల్ బఠాణీ మొక్కలపై 1865లో ప్రకటించిన సూత్రములు ముప్పదియైదేండ్లు మరుగునపడి 1900లో మరల వెలుగునకు వచ్చిన రోజులవి. హాల్డేన్, ఆయన చెల్లెలు నవోమీ కలిసి ఇంటి తోటలో గినీపందులను పెంచి, ఏ రంగు పిల్లలు ఎన్ని పుట్టుచున్నవో లెక్కించుచుండిరి. తరువాత ఎలుకలపై చేసిన పరిశీలనలను స్ప్రంట్ అను మిత్రునితో కలిసి 1915లో ప్రకటించిరి. రెండు లక్షణములు జతగా పిల్లలకు సంక్రమించుట క్షీరదములలో కనబడినట్లు చూపిన మొదటి వ్యాసమది. అది అచ్చగునప్పటికి మిత్రుడు యుద్ధములో మరణించియుండెను. హాల్డేన్ యుద్ధభూమిలో నుండెను.

మొదటి ప్రపంచయుద్ధమున ఆయన బ్లాక్ వాచ్ దళములో చేరి ఫ్రాన్సులోను, మెసొపొటేమియాలోను పోరాడి గాయపడెను. చికిత్సకై భారతదేశమునకు పంపబడెను. ఈ దేశమును చూచుట ఆయనకు అదియే మొదటిసారి. పాలకజాతివాడుగా గాక, సమానుడుగా మరల ఇక్కడికి రావలెనను కోరిక అప్పుడే కలిగెను. అది నెరవేరుటకు నలువదియేండ్లు పట్టెను.

ఈ మహాశాస్త్రజ్ఞునికి శాస్త్రములో పట్టము లేదు. ఆక్స్‌ఫర్డులో ఆయన చదివినది గణితము, గ్రీకు లాటిను సాహిత్యములు. అయినను 1923లో కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రోపన్యాసకుడును, 1933లో లండను యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్రాచార్యుడును కాగలిగెను. 1924 నుండి ఆయన వరుసగా వెలువరించిన గణితవ్యాసములు డార్విను చెప్పిన ప్రకృతివరణమును మెండెల్ సూత్రములతో జతపరచినవి. ఫిషర్, రైట్, హాల్డేన్ అను మువ్వురును ఈ శాస్త్రశాఖకు మూలపురుషులని నేటికిని పాఠ్యగ్రంథములు చెప్పుచున్నవి. 1932లో ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

చెరువు, తూము

ఆయన చేసిన లెక్కలలో మన విషయమునకు ముఖ్యమైనది 1935 నాటిది. హీమోఫీలియా అను వ్యాధి కలదు. చిన్న గాయము తగిలినను రక్తము గడ్డకట్టక కారిపోవుచుండును. అది మగబిడ్డలకే ప్రాయికముగా వచ్చును. తల్లి దానిని మోయుచున్నను ఆమెకు సాధారణముగా బాధ యుండదు. సరియైన చికిత్స లేని ఆ కాలమున ఈ వ్యాధిగ్రస్తులు పెక్కురు సంతానము కనకముందే మరణించెడివారు. అట్లయినచో తరతరమునకు ఈ వ్యాధి తగ్గి, కొన్ని శతాబ్దములలో మాసిపోవలెను గదా! కాని అది మాయలేదు. ఎందువలన?

రాయలసీమ విద్యార్థికి ఈ ప్రశ్నను చెరువుతో పోల్చి చెప్పవచ్చును. ఒక చెరువు తూమునుండి ప్రతిదినము నీరు పోవుచున్నది. అయినను నీటిమట్టము తగ్గుట లేదు. అప్పుడు పోవుచున్నంత నీరే కంటికి కనబడని ఊటద్వారా లోనికి వచ్చుచున్నదని గ్రహింపవలెను. తూమునుండి పోవు నీటిని కొలిచినచో ఊట ఎంతయో తెలియును. హాల్డేన్ చేసినది ఇదియే. వ్యాధిగ్రస్తుల మరణములవలన ప్రతి తరమున ఎన్ని దుష్టజన్యువులు నశించుచున్నవో లెక్కించెను. అన్నియే కొత్తగా పుట్టుచుండవలెనని నిర్ణయించెను. మంచి జన్యువు హఠాత్తుగా చెడ్డదిగా మారు ఈ సంఘటనకే ఉత్పరివర్తనమని పేరు. హీమోఫీలియా జన్యువు తరమునకు సుమారు 50,000లో ఒకటి చొప్పున కొత్తగా పుట్టుచున్నదని ఆయన అంచనా వేసెను. మానవజన్యువు ఎంత వేగముగా మారునో లెక్కించి చెప్పిన తొలి ప్రయత్నమిది.

ఇందులోనే మరియొక చమత్కారము కలదు. హీమోఫీలియా జన్యువు ఎక్స్ క్రోమోసోముపై నుండును. స్త్రీకి అట్టి క్రోమోసోములు రెండు; పురుషునికి ఒకటి. కావున జనసంఖ్యలోని మూడు ఎక్స్ క్రోమోసోములలో ఒకటి పురుషులలో నుండును. వ్యాధిగ్రస్తులైన పురుషులు సంతానహీనులైనచో, ప్రతి తరమున మూడవవంతు దుష్టజన్యువులు నశించును. మూడవవంతు కొత్తగా పుట్టవలెను. అనగా ఆ వ్యాధితో జన్మించు బాలురలో ఇంచుమించు ముగ్గురిలో ఒకనికి ఆ దోషము పూర్వవంశమునుండి వచ్చినది కాదు. తాతముత్తాతల చరిత్ర ఎంత త్రవ్వినను అక్కడ ఏమియు దొరకదు.

1947లో హాల్డేన్ ఇంకొక అడుగు ముందుకు వేసెను. ఈ కొత్త మార్పులు స్త్రీలలోకంటె పురుషులలో ఎక్కువగా జరుగుచున్నవని ఆయన లెక్కలు సూచించినవి. స్త్రీ అండకణములు ఆమె పుట్టకముందే సిద్ధమగును. పురుషునిలో బీజకణములు జీవితాంతము విభజన చెందుచునే యుండును. ప్రతిలేఖనము ఎన్నిమారులు జరిగినచో తప్పు దొరలుటకు అన్ని అవకాశములు. ఒక వ్రాతప్రతిని పదిమారులు చూచి వ్రాసినచో తప్పులు ఎక్కువగుట మన పూర్వపు లేఖకులు ఎరిగినదే. ఇరువది యొకటవ శతాబ్దమున జన్యువుల అక్షరమాలను పూర్తిగా చదువు యంత్రములు వచ్చిన తరువాత ఈ ఊహ స్థిరపడెను. బిడ్డలోని కొత్త మార్పులలో అధికభాగము తండ్రినుండియే వచ్చుచున్నవి. తండ్రి వయస్సు పెరిగినకొలది అవి పెరుగుచున్నవి. తల్లినే దోషిగా నిలబెట్టు ఆచారమునకు ఇంతకంటె గట్టి ఖండనము వేరొకటి లేదు.

కంతుల వ్యాధి

హాల్డేన్ లెక్క ఒక్క రక్తవ్యాధికే పరిమితము కాలేదు. అదే సంవత్సరము, అనగా 1935లో, లయొనెల్ పెన్రోజ్ అను వైద్యుడు గుంతర్ అను సహపరిశోధకురాలితో కలిసి ఎపిలోయా అను వ్యాధిని ఇదే మార్గమున పరిశీలించెను. నేడు దీనిని ట్యూబరస్ స్క్లిరోసిస్ అందురు. ఈ వ్యాధి గల బిడ్డకు మెదడులోను, మూత్రపిండములలోను, గుండెలోను, కంటిలోను, చర్మముపైనను కంతులు పుట్టవచ్చును. ఒంటిపై ఆకు ఆకారపు తెల్లమచ్చలు, ముక్కునకు ఇరువైపుల చెంపలపై ఎర్రని చిన్న బొడిపెలు, మూర్ఛలు దీని గురుతులు. సుమారు 6,000 జననములకు ఒకటి చొప్పున ఈ వ్యాధి కనబడునని నేటి అంచనా.

ఇది బహిర్గత లక్షణము. అనగా తలిదండ్రులలో ఒక్కరినుండి ఒక్క చెడిన జన్యువు వచ్చినను చాలును. వ్యాధి గల తండ్రికి గాని తల్లికి గాని పుట్టు ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు రెండింట ఒక పాలు అవకాశము. ఐనను తీవ్రమైన వ్యాధి గలవారు తరచుగా వివాహము చేసికొనలేరు. మరి వ్యాధి ఎట్లు నిలిచియున్నది? సమాధానము మరల ఊటయే. ఈ వ్యాధి గలవారిలో మూడింట రెండు పాళ్లమందికి జన్యుదోషము వారితోనే కొత్తగా పుట్టినదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. వారి తలిదండ్రులిరువురును నిర్దోషులు. వంశములు రెండును నిర్దోషములు.

మిగిలిన మూడవ పాలు గూర్చి మాత్రము జాగ్రత్త వలయును. ఒకే జన్యుదోషము ఒకే యింట ముగ్గురిలో మూడు విధములుగా బయటపడవచ్చును. తల్లికి వీపుపై రెండు తెల్లమచ్చలు తప్ప ఏమియు ఉండకపోవచ్చును. ఆమె బిడ్డకు మూర్ఛలు రావచ్చును. మేనమామకు మూత్రపిండములో కంతి యుండవచ్చును. దోషము సంక్రమించుట వేరు, అది వ్యక్తమగుట వేరు. హాల్డేన్ కాలమున ఈ భేదము కనబడినదే గాని కారణము తెలియలేదు. 1971లో అమెరికా వైద్యుడు ఆల్ఫ్రెడ్ నడ్సన్ పసిపిల్లల కంటికంతిని పరిశీలించి దానిని సూచించెను. ప్రతి కణమునందును ప్రతి జన్యువునకు రెండు ప్రతులుండును. చెడిన ప్రతి నొకదానిని బిడ్డ పుట్టుకతో తెచ్చుకొన్నను రెండవ ప్రతి కాపాడుచుండును. ఏదో ఒక కణములో ఆ రెండవది కూడ దైవవశమున చెడినప్పుడే అక్కడ కంతి మొలచును. ఆ రెండవ దెబ్బ ఎప్పుడు, ఏ అవయవములో తగులునో ఎవరును చెప్పజాలరు. అందుచేతనే అన్నదమ్ములకు సయితము వ్యాధి ఒకే రీతిగా నుండదు. ట్యూబరస్ స్క్లిరోసిస్ వ్యాధికి మూలమైన రెండు జన్యువులలో ఒకటి 1993లోను, రెండవది 1997లోను గుర్తింపబడినవి. కొన్ని కంతులను కుదించు ఎవరోలిమస్ అను మందు 2010 నుండి అమెరికాలో వాడుకలోనికి వచ్చెను.

ఎండ ఓర్వలేని చర్మము

బహిర్గత లక్షణములకు ఎదురుగా అంతర్గత లక్షణములు కలవు. ఇందు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు చెడిన ప్రతులు కలిసినప్పుడే వ్యాధి కలుగును. అట్టివానిలో జీరోడెర్మా పిగ్మెంటోసమ్ ఒకటి. ఈ వ్యాధి గల బిడ్డ చర్మము ఎండ తగిలిన చోటనెల్ల మచ్చలు పడి, పొడిబారి, చిన్నతనముననే రాచపుండ్లకు తావగును. కన్నులు వెలుతురును ఓర్వలేవు. సూర్యకాంతిలోని అదృశ్యకిరణములు జన్యుద్రవ్యమును గాయపరచినప్పుడు దానిని బాగుచేయు శక్తి ఈ చర్మమునకు లేదని 1968లో క్లీవర్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను.

హాల్డేన్ 1936లో ఈ వ్యాధి గల కుటుంబముల వంశవృక్షములను పరిశీలించి, దీని జన్యువు లింగనిర్ణయము చేయు క్రోమోసోములతో కొంత సంబంధము కలదని భావించెను. అది నిలువలేదు. ఈ వ్యాధికి కారణమైన జన్యువులు సామాన్య క్రోమోసోములపైననే యున్నవని తరువాత తేలెను. గొప్ప గణితజ్ఞుని లెక్క సయితము ముడిసరకు చాలనిచోట తప్పుదారి పట్టునని విద్యార్థులు ఇందువలన నేర్చుకొనవచ్చును. ఐనను, మానవజన్యువులు ఏ క్రోమోసోముపై ఎక్కడ నున్నవో పటము గీయవలెనను పట్టుదల వ్యర్థము కాలేదు. 1937లో జూలియా బెల్ అను విదుషితో కలిసి హీమోఫీలియా, వర్ణాంధత్వముల జన్యువులు ఒకే క్రోమోసోముపై పొరుగున నున్నవని ఆయన చూపెను. మానవజన్యుపటమునకు అది తొలి గీత.

రాజకీయము, శాస్త్రము

లెక్క కాగితముమీదనే ఆగిపోలేదు. 1933లో జర్మనీలో నాజీ ప్రభుత్వము అనువంశిక వ్యాధులు గలవారిని బలవంతముగా సంతానహీనులను చేయు చట్టము తెచ్చెను. మూర్ఛరోగులు, అంధులు, బధిరులు దాని పాలబడిరి. ఇతర దేశములలోను అట్టి చట్టములకు మద్దతుదారులు లేకపోలేదు. యౌవనమున హాల్డేన్ సయితము మానవజాతిని మెరుగుపరచు పథకములను గూర్చి ఉత్సాహముతో వ్రాసినవాడే. కాని ఈ నిర్బంధమును ఆయన ఎదిరించెను. 1938లో వెలువరించిన అనువంశికత, రాజకీయములు అను గ్రంథమున ఆ చట్టముల పునాదులను లెక్కలతో విమర్శించెను. బహిర్గత దోషములు కొత్తగా పుట్టుచునేయుండును. అంతర్గత దోషములు ఆరోగ్యవంతులలోనే అధికముగా దాగియుండును. రోగులను శిక్షించినందువలన రోగము మాసిపోదు. చెరువులోని ఊటను ఆపలేని రాజు తూమువద్ద మనుష్యులను దండించినట్లగును.

ఆయన దేహము కూడ ప్రయోగశాలయే. రక్తములోని ఆమ్లగుణము ఎట్లు మారునో తెలిసికొనుటకై లవణద్రావణములు తాగెను. 1939లో థెటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణించినప్పుడు, ఊపిరాడని స్థితిని తానే పీడనగదిలో కూర్చుండి పరీక్షించెను. ఈ ప్రయోగములలో ఆయన వెన్నునకు గాయమై జీవితాంతము బాధించెను.

దోషములు చెప్పని జీవితచరిత్ర స్తోత్రపాఠమగును. హాల్డేన్ 1942లో కమ్యూనిస్టు పార్టీలో చేరెను. సోవియట్ దేశమున లైసెంకో అనువాడు జన్యుశాస్త్రమునే తిరస్కరించి, ప్రభుత్వబలముతో నిజమైన శాస్త్రజ్ఞులను అణచివేసినప్పుడు, హాల్డేన్ బహిరంగముగా ఖండింపక చాలకాలము తటపటాయించెను. జర్మనీ అన్యాయమును కనిపెట్టిన కన్ను తన పక్షపు అన్యాయముపట్ల మందగించెను. తుదకు 1950 ప్రాంతమున ఆ పార్టీకి దూరమయ్యెను.

భారతదేశమున

1957లో హాల్డేన్ భార్య హెలెన్ స్పర్వేతో కూడ లండను విడిచి కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు వచ్చెను. సూయెజ్ కాలువపై బ్రిటిషు దాడికి నిరసనగా దేశము విడుచుచున్నానని ప్రకటించెను. తాను సంపాదకత్వము వహించుచుండిన జన్యుశాస్త్ర పత్రికను కూడ వెంట తెచ్చెను. ధోవతి, కుర్తా ధరించెను, మాంసము మానెను, 1961లో భారత పౌరుడయ్యెను. ఖరీదైన యంత్రములు లేవని చింతింపక, కన్నులు, కాగితము, ఓపిక ఉన్నచో ఈ దేశమున గొప్ప పరిశోధనలు చేయవచ్చునని యువకులకు బోధించెను.

పిఠాపురములో జన్మించిన ద్రోణంరాజు కృష్ణ ఆ బోధనకు వశుడైన తెలుగు శిష్యుడు. సీతాకోకచిలుకలు ఏ రంగు పూలపై ఎన్నిమారులు వ్రాలునో లెక్కించుటతో ఆయన పని మొదలయ్యెను. తరువాత ఆంధ్రదేశమున కొందరు పురుషులకు చెవులపై దట్టముగా వెండ్రుకలు పెరుగుటను వంశవృక్షములతో పరిశీలించి, 1960లో ప్రకటించెను. అది తండ్రినుండి కుమారునికే పోవు వై క్రోమోసోము లక్షణమని తలంచెను. ఆ లక్షణము నడివయస్సు వచ్చినగాని కనబడదు. కావున ఇరువదియేండ్ల కుమారునికి అది లేదని అప్పుడే చెప్పుటకు వీలులేదు. సంక్రమణమునకును వ్యక్తీకరణమునకును నడుమ కాలము కూడ అడ్డుగోడగా నిలుచునని ఇది చూపుచున్నది. ఆ లక్షణము వై క్రోమోసోముపై లేదని 2004లో అణుస్థాయి పరీక్షలు తేల్చినవి. ఐనను, వయస్సు వచ్చిన తరువాతనే బయటపడు లక్షణములను గూర్చిన ఆ జాగ్రత్త నేటికిని అవసరమే.

ద్రోణంరాజు, పి. మీరాఖాన్ అను వైద్యునితో కలిసి చేసిన రెండవ పని మనకు మరింత దగ్గరిది. ఆంధ్రప్రదేశములోని రక్తసంబంధ వివాహముల సంఖ్యను, వాని ఫలితములను వారు పరిశీలించి 1960 నుండి వ్యాసములు ప్రకటించిరి. హాల్డేన్ 1939లోనే దగ్గరి చుట్టముల వివాహములను గూర్చి గణితము కట్టియుండెను. యూరపులో మేనమామ అక్కకూతురిని పెండ్లాడుట చాల అరుదు. తెలుగుదేశమున అది వేల యేండ్ల ఆచారము. ఇన్ని తరములుగా మేనరికములు జరిగిన చోట దుష్టమైన అంతర్గత జన్యువులు కొంతవరకు రాలిపోయి యుండునా అను ప్రశ్నకు ఈ దేశమే తగిన పరీక్షాస్థలము.

ఈ ప్రశ్నను మనము డోన్ ప్రాంతమునకు తెచ్చి చూతము. పూర్వము ద్రోణాచలమని పిలువబడి, చిరకాలము కర్నూలు జిల్లాలో నుండి, 2022లో నంద్యాల జిల్లాలో చేరిన ఈ రైల్వేజంక్షను చుట్టును వర్షాధారపు మెట్టపొలములే. ఇట్టి సీమలో మేనరికమునకు కారణములు లేకపోలేదు. ఉన్న నాలుగెకరములు చీలిపోరాదు. కట్నము భారము కారాదు. ఆడుబిడ్డ తెలియని యింట కష్టపడరాదు. ఇవి ప్రేమతో పుట్టిన ఆలోచనలు. వానిని ఎగతాళి చేయుటవలన ప్రయోజనము లేదు. లెక్క చెప్పుటయే మేలు.

మేనమామకు అక్కకూతురికి పుట్టిన బిడ్డలో ఏదేని ఒక జన్యువు రెండు ప్రతులును ఒకే పూర్వీకునినుండి వచ్చిన ప్రతులగుటకు 8లో ఒక పాలు అవకాశము. మేనబావ మరదళ్ల బిడ్డలో అది 16లో ఒక పాలు. అట్లు వచ్చిన ఆ ప్రతులు చెడినవైనచో అంతర్గత వ్యాధి బయటపడును. జీరోడెర్మా వంటి అరుదైన అంతర్గత వ్యాధులకు మేనరికము తోడ్పడుట ఇందువలననే. ట్యూబరస్ స్క్లిరోసిస్ వంటి బహిర్గత వ్యాధికి మేనరికముతో నిమిత్తము లేదు. ఎచ్చటి పిల్లను తెచ్చి చేసినను అది రావచ్చును. కావున అన్ని రోగములకును మేనరికమే కారణమనుట ఎంత తప్పో, మేనరికమువలన ఏ భయమును లేదనుటయు అంతే తప్పు. ఏ వ్యాధి ఏ తరగతికి చెందినదో తెలిసిన తరువాతనే మాటలాడవలెను.

తుదిదినములు

కలకత్తా సంస్థతో అభిప్రాయభేదములు వచ్చి హాల్డేన్ 1961లో దానిని విడిచెను. 1962లో ఒరిస్సా ప్రభుత్వ సహాయముతో భువనేశ్వరమున జన్యుశాస్త్ర ప్రయోగశాలను నెలకొల్పెను. మరుసటి యేడు అమెరికా పర్యటనలో నుండగా రక్తస్రావము కనబడెను. లండనులో పరీక్షింపగా పురీషనాళమున రాచపుండని తేలెను. శస్త్రచికిత్స జరిగెను. ఆసుపత్రి మంచముమీదనే ఆయన తన వ్యాధిని గూర్చి హాస్యకవిత వ్రాసి 1964లో పత్రికలో ప్రకటించెను. సందేహము కలిగినవారు సిగ్గుపడక, ఆలసింపక వైద్యుని చూడవలెననుటయే దాని సారము. కొందరు రోగులు అది చదివి నొచ్చుకొనిరి. మరికొందరు ధైర్యము తెచ్చుకొనిరి. తన సంస్మరణ ప్రసంగమును తానే చదివి బి.బి.సి. కెమేరా ముందు ఉంచెను. భువనేశ్వరమునకు తిరిగివచ్చిన కొలదినెలలకే వ్యాధి తిరుగబెట్టెను. 72వ యేట ఆయన మరణించెను. దేహము కాకినాడకు చేరెను.

హాల్డేన్ వ్యాధి వంశానుగతమని చెప్పుటకు ఆధారము లేదు. పెద్దప్రేగు రాచపుండ్లలో అధికభాగము అట్టివి కావు. కాని కొన్ని కుటుంబములలో అది తరతరమునకు వచ్చును. అట్టి కుటుంబములను గుర్తించు పనిలో ముందు నిలిచినవారిలో, హాలెండులోని లైడెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన ఆ మీరాఖాన్ ఒకడు. ముగ్గురు దగ్గరి బంధువులకు ఈ వ్యాధి వచ్చినచో, వారు వరుసగా రెండు తరములకు చెందినవారైనచో, వారిలో ఒకరికైనను 50 ఏండ్లలోపు కనబడినచో, అది అనువంశికమని అనుమానింపవలెనను ఆంస్టర్‌డామ్ సూత్రములను 1991లో ప్రకటించిన నలుగురిలో ఆయన చేరియుండెను. ఆంధ్రదేశపు ఇండ్లలో చుట్టరికములు అడిగి వ్రాసికొన్న విద్య, ప్రపంచమున ఎన్నో కుటుంబములను ముందుగా హెచ్చరించు సాధనమయ్యెను.

ఉపాధ్యాయులకు ఈ జీవితమువలన కలుగు ఉపయోగము పాఠములకే పరిమితము కాదు. తరగతిలో ఒక పిల్లవాని ముఖముపై మచ్చలుండి, కన్నులు ఎండకు మూసుకొనుచున్నచో, వానిని ప్రార్థనసమయమున ఎండలో నిలుపరాదు. నిండు చేతుల చొక్కా, గొడుగు, నీడ వానికి మందుతో సమానము. మూర్ఛలతో పాటు తెల్లమచ్చలున్న బాలికను చూచినచో, అది దయ్యమనియు, బొల్లియనియు అననీయక వైద్యునివద్దకు పంపవలెను. డోన్ నుండి రైలెక్కినచో హైదరాబాదు చేరవచ్చును. అక్కడి నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో జన్యువైద్య విభాగము కలదు. తలిదండ్రులు పైకి ఆరోగ్యవంతులైనను వారి బీజకణములలో కొన్నిటియందు మాత్రమే దోషము దాగియుండవచ్చును. కావున రెండవ బిడ్డను గూర్చి ఊహలతో గాక పరీక్షలతో నిర్ణయించుకొనవలెను.

వంశవృక్షము గీయుట నేర్పు ఉపాధ్యాయుడు ఒక్క మాట చేర్చవలెను: ఆ గీతలు కారణము తెలిసికొనుటకే గాని నేరస్థుని పట్టుకొనుటకు కావు. జన్యువు మారుట ఎవరి పాపమును కాదు. మానవులందరి కణములలోను ప్రతి తరమున కొన్ని అక్షరములు మారుచునే యున్నవి. చాలమందిలో అవి మౌనముగా నుండును, ఒకరిలో బయటపడును. హాల్డేన్ లెక్క తేల్చిన సత్యమిది. దానిని గ్రహించిన ఊరిలో రోగి బిడ్డను కన్న తల్లి తల వంచుకొని నడువనక్కరలేదు.